రద్దును రద్దు చేయాలా?

గణపవరంలో దానమ్మగారిని ఎరగనివాళ్ళు తక్కువ. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేశారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఈవేళ మీసాలు దువ్వుకుంటూ బుల్లెట్ల మీద తిరుగుతున్న మగవాళ్ళలో చాలామందిని పుట్టీ పుట్టగానే తలకిందులుగా పట్టుకుని ఏడిపించింది ఆవిడే. ఉద్యోగం మానేశాక చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి అయ్యారు. ఆ పదవి వల్లే, అరవై రెండో ఏట, ఆవిడకి కంప్యూటరు నేర్చుకోవాలన్న పట్టుదల వచ్చింది. నెలనెలా సమాజం నోటీసును ఒక షాపులో టైపు చేయించేవారు. ఒక నెల "ఉపవాస ప్రార్థన"కు బదులు "ఉపహాస ప్రార్థన" అని అచ్చయి, ఊరంతా పంచేశాక గాని ఎవరూ చూసుకోలేదు. ఇక మీదట తన నోటీసు తనే కొట్టుకోవాలని దానమ్మగారు తీర్మానించుకున్నారు.

సరిగ్గా అప్పుడే బస్సులో ఒక కాగితం అంటించి ఉండటం చూశారు. తాడేపల్లిగూడెం శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో, అరవై దాటినవాళ్ళకు మూడు వారాలు ఉచితంగా కంప్యూటరు నేర్పుతారట. సోమవారం పొద్దున్నే బస్సెక్కారు.

ఉచితానికి కారణం ఉంది. ఆ కాలేజీలో అభిరామ్ అనే కుర్ర లెక్చరరు, అతని విద్యార్థులు కొందరు కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. కంప్యూటరు ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆపేదాకా తెర మీద కనిపించే ప్రతి మాటా తెలుగే. పేరు గూడబాతు. తెర వెలగగానే, ముక్కు కింద సంచి ఉన్న కొల్లేటి గూడబాతు పక్షి బొమ్మ ఒకటి నోరు తెరిచి మూసేది. ఆ సిస్టమ్‌ను వాడి చూడటానికి ఏమీ తెలియనివాళ్ళు కావలసివచ్చారు.

"మీకు ఏమీ రాకపోవడమే మాకు కావాలండీ," అన్నాడు అభిరామ్ మొదటి రోజు, చాలా సంతోషంగా. వచ్చిన పన్నెండుమందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఇద్దరికి ఒక కంప్యూటరు. దానమ్మగారి పక్కన నల్లజర్ల నుంచి వచ్చిన రాఘవయ్యగారు కూర్చున్నారు. ఆయన డెబ్భై ఏళ్ళ పురోహితుడు. పెళ్ళివాళ్ళకు లగ్నపత్రిక చేత్తో రాసిస్తే, "కంప్యూటరు కాపీ లేదాండీ" అని అడుగుతున్నారని ఆయన బాధ.

మూడో రోజు దానమ్మగారు సమాజం వార్షికోత్సవానికి ఆహ్వానం కొట్టడం మొదలుపెట్టారు. రెండు వేళ్ళతో, గంటన్నర కష్టపడి, అరపేజీ. అంతా అయ్యాక తెర మూలన "దాచు" అన్న బొత్తాం కనిపిస్తే నొక్కారు. అరపేజీ మొత్తం మాయమైపోయింది.

"ఏవండీ పంతులుగారూ, నా ఉత్తరం ఎక్కడికి పోయిందండీ?"

"మీరేం నొక్కేరండీ?"

"దాచు అని ఉందండీ. నొక్కేను."

"మరి దాచేసిందండీ," అన్నారు రాఘవయ్యగారు నిదానంగా.

"ఎక్కడ దాచిందో చెప్పదేంటండీ మరి?"

అభిరామ్ పరుగున వచ్చాడు. "అమ్మగారండీ, పైన మెనూలో ఉన్న దాచు అంటే భద్రంగా దాచడం అండీ. ఈ మూలన ఉన్న దాచు అంటే కనపడకుండా దాచడం."

"ఒకటే మాట, రెండు పనులకి ఎలా పెట్టేరు బాబూ?"

అభిరామ్ తల గోక్కున్నాడు. అతనికి ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. ఉత్తరం ఎలాగో బయటికి వచ్చింది గాని, ఆ సాయంత్రం దానమ్మగారు బస్టాండులో ఒక పొడుగాటి నోటుబుక్కు కొన్నారు. వార్డులో జ్వరం చార్టు రాసినట్టే రాయడం మొదలుపెట్టారు: తేదీ, టైము, ఏం నొక్కాను, ఏం జరిగింది.

రెండు వారాలు తిరిగేసరికి అరవై ఒక్క ఫిర్యాదులు పోగయ్యాయి. ఫైళ్ళ దగ్గర "తొలగించు" అని ఉండేది, ఉత్తరాల దగ్గర "తుడిచివేయి" అయ్యేది, బొమ్మల దగ్గరికి వచ్చేసరికి కోపం వచ్చినట్టు "తీసిపారేయి" అని ఉండేది. మూడింటికీ పని ఒకటే. "అమరికలు" అని ఒక చోటు ఉంటే, "సెట్టింగులు" అని ఇంకో చోటు. అమరికల్లో అక్షరాలు పెద్దవి చేసి సెట్టింగుల్లోకి వెళ్తే, అక్కడ అక్షరాలు చిన్నవే అని రాసి ఉండేది, అదీ పెద్ద అక్షరాలతో. తెర మీద తెరుచుకునే కిటికీలను మూసే గుర్తు కొన్నిటికి కుడి మూలన, కొన్నిటికి ఎడమ మూలన. రాఘవయ్యగారు ఒకటి మూసి రెండోది తెరిచినప్పుడల్లా, చెయ్యి కుడిపక్కకి వెళ్ళి ఖాళీ చోటును నొక్కి వెనక్కి వచ్చేది.

"ఈ కిటికీకి సవ్యం, ఆ కిటికీకి అపసవ్యం అండీ సిస్టరుగారూ," అన్నారాయన. "మాకు అపసవ్యం తద్దినానికే. ఇక్కడ ఎవరు పోయేరో తెలీటం లేదు."

దానమ్మగారికి నవ్వాగలేదు. ఆవిడ నవ్వితే లాబు మొత్తానికి వినిపిస్తుంది. ఆ నవ్వుకి పక్క కంప్యూటరు వాళ్ళు నవ్వారు, వాళ్ళను చూసి వెనక వరస నవ్వింది. కారణం చివరి వరసకి చేరేసరికి "ఎవరో పోయారట" అని మారిపోయింది. ఒకావిడ పాపం కళ్ళు తుడుచుకోబోయి, అసలు సంగతి తెలిసి అందరికన్నా గట్టిగా నవ్వింది.

నవ్వు అయ్యాక దానమ్మగారు అభిరామ్‌ని కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పారు. "బాబూ, కాన్పు గదిలో కత్తెర ఒకచోటే ఉంటుంది. కరెంటు పోయినా చెయ్యి దానికదే అక్కడికి వెళ్తుంది. నిన్న కుడిపక్క పెట్టి ఇవాళ ఎడమపక్క పెట్టిన నర్సుని నేనైతే డ్యూటీలో ఉంచను. ఇందులో ఒక్కో సామానూ ఒక్కోచోట ఎందుకుంది?"

అభిరామ్ గది అవతలి గోడ వైపు చూశాడు. అక్కడ అతని విద్యార్థిని లక్ష్మీప్రసన్న చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిచేసుకుంటోంది. గదికి ఇటు చివర కిరణ్ కుమార్ ఆమె వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. గూడబాతును కట్టింది ముఖ్యంగా వీళ్ళిద్దరూ. ఏడు నెలల కిందట కిటికీ మూసే గుర్తు ఎటు ఉండాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఆమె ఇంట్లో వాడిన కంప్యూటరులో అది ఎడమపక్కన ఉండేది. అతను నెట్ సెంటరులో నేర్చుకున్నదాంట్లో కుడిపక్కన ఉండేది. ఎవరి అలవాటు వాళ్ళకు వేదం. ఆ రోజు నుంచి మాటలు లేవు. రాయడం, బొమ్మలు ఆమె తీసుకుంది. ఫైళ్ళు, ముద్రణ అతను తీసుకున్నాడు. ఎవరి భాగం వాళ్ళు తమకు తోచినట్టు కట్టుకుపోయారు.

దానమ్మగారు లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళారు. "ఏమ్మా, ఆ అబ్బాయితో మాట్లాడవా?"

"మెయిల్ పెడతానండీ."

"పది అడుగుల దూరానికా?"

"చదివేడో లేదో తెలుస్తుందండీ అందులో," అంది లక్ష్మీప్రసన్న చాలా మర్యాదగా, మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.

మూడో వారం శనివారం ఏలూరు నుంచి గ్రంథాలయాల అధికారి ఉమాకుమారిగారు వచ్చారు. గూడబాతు నచ్చితే పల్లెటూరి లైబ్రరీల్లో పెట్టిస్తారని అభిరామ్ ఆశ. పన్నెండుమందీ పెళ్ళికి వచ్చినట్టు తయారై వచ్చారు. రాఘవయ్యగారు జరీ ఉత్తరీయం వేసుకున్నారు. అందరిలోకీ బాగా కొడతారని, ఆహ్వానం అచ్చువేసి చూపించే పని దానమ్మగారికి అప్పగించారు.

క్లాసులో పన్నెండుమందికీ తలొకటి ఇద్దామని ఆవిడ ఉద్దేశం. ఎన్ని ప్రతులు అన్న గడిలో పన్నెండు అని కొట్టారు. గడిలో ముందే ఒకటి అన్న అంకె ఉంది. అది నూట పన్నెండు అయింది. గమనించేసరికే ప్రింటరు గుర్రుమంది. ఆవిడ కంగారుపడలేదు. కింద "రద్దు" అని ఉంటే నొక్కారు. చిన్న కిటికీ ఒకటి వచ్చింది.

ముద్రణ రద్దు చేయాలా? దాని కింద రెండు బొత్తాలు: సరే, రద్దు.

ఆవిడకు కావలసింది రద్దు. అదే నొక్కారు. ఇంకో కిటికీ వచ్చింది. రద్దును రద్దు చేయాలా? ఈసారి రద్దు ఎడమపక్కకి, సరే కుడిపక్కకి మారాయి.

"పంతులుగారండీ, ఇప్పుడు నేను ఆపమన్నట్టా, ఆపొద్దన్నట్టా?"

రాఘవయ్యగారు వేళ్ళు మడిచి లెక్కవేశారు. "మొదటి రద్దుకి రెండో రద్దు విరుగుడండీ. మూడోది నొక్కితే మళ్ళీ ఆగాలి."

మూడోది నొక్కారు. ఆ రెండో కిటికీ ఎవరు ఏం నొక్కినా అచ్చును మళ్ళీ మొదలుపెట్టించేలా ఉంది కాబోలు, పక్కనున్న రెండో ప్రింటరు కూడా మొదలైంది. ఇంకొకసారి నొక్కితే గది చివర ఉన్న మూడోది లేచింది. కాగితాలు వచ్చి ట్రేలు నిండాయి, నేల మీద పడ్డాయి, పడ్డవాటిని పంకా గాలి ఎత్తుకుంది. స్త్రీల సమాజ వార్షికోత్సవ ఆహ్వానాలు లాబంతా ఎగరసాగాయి. ముసలివాళ్ళు లేచి చేతికందినవి పట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరో చప్పట్లు కొట్టారు. అభిరామ్ రెండు చేతులతో ఒక ప్రింటరు నోరు మూయబోతే అది అతని వేళ్ళ మధ్య నుంచి కాగితం తోసింది.

లక్ష్మీప్రసన్న ఆ గోడ నుంచి, కిరణ్ కుమార్ ఈ గోడ నుంచి స్విచ్చు బోర్డు కోసం పరిగెత్తారు. ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఠంగుమని కొట్టుకున్నాయి. కరెంటు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఏడు నెలల తరవాత మొదటిసారి లక్ష్మీప్రసన్న గొంతు అతని మీద లేచింది.

"రద్దుని రద్దు చెయ్యాలా అని ఎవరైనా అడుగుతారా?"

"అడిగితే సరే కుడివైపు పెట్టమని నీ మెయిల్లోనే ఉంది."

"ఉత్తరాల్లో పెట్టమన్నాను. ముద్రణలో కాదు."

"ముద్రించేది ఉత్తరాలే కదా."

ఆమె నుదుటి మీద చేత్తో రుద్దుకుంటూ నవ్వింది. అతనూ నవ్వాడు. గది గొల్లుమంది.

ఉమాకుమారిగారి ఒళ్ళో ఆరు ఆహ్వానాలు, కొప్పులో ఒకటి. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "దానమ్మగారూ, ఇన్నిసార్లు పిలిచేక నేను రాకపోతే బాగోదండీ."

"తప్పకుండా రావాలండీ," అన్నారు దానమ్మగారు. ఆ ఊపులోనే నోటుబుక్కు తీసి ఆవిడ చేతిలో పెట్టారు. అభిరామ్ మొహం పాలిపోయింది. ఉమాకుమారిగారు నిలబడే మొదటి పేజీ చదివారు. నాలుగో పేజీకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చివరిదాకా చదివి, మూసి, అభిరామ్‌ని పిలిచారు.

"ఇందులో ఉన్నవన్నీ సరిచెయ్యండి. నెలరోజుల తరవాత, ఎప్పుడూ కంప్యూటరు ముట్టుకోని మనిషిని ఒకరిని చూపించండి. ఆ మనిషి ఎవరినీ అడక్కుండా ఒక ఉత్తరం రాసి, దాచుకుని, అచ్చువేసి, కిటికీ మూసెయ్యాలి. జరిగితే పది లైబ్రరీల్లో పెట్టిస్తాను."

మర్నాడు ఆదివారం. చర్చి అవగానే దానమ్మగారు బస్సెక్కి వచ్చారు. కాలేజీ కాంటీనులో నాలుగు బల్లలు కలిపి వేశారు. పన్నెండుమంది పెద్దలు, ఇద్దరు పిల్లలు, అభిరామ్, మధ్యలో పునుగుల పళ్ళెం. దానమ్మగారు కట్టడి పెట్టారు: ఒక పనికి ఒకటే మాట, ఒక మాటకి ఒకటే పని, ఒక వస్తువుకి ఒకటే చోటు.

"భద్రపరచు" ఉండాలన్నారు రాఘవయ్యగారు. అది చదివేలోపు కరెంటు పోతుందని వెనక నుంచి ఎవరో అన్నారు. వాదించుకోగా వాదించుకోగా "భద్రం" దగ్గర ఆగారు. కనపడకుండా పెట్టేదానికి "పక్కన పెట్టు" అన్నది అందరికీ నచ్చింది. "తీసిపారేయి" ఎవరు పెట్టారని అడిగితే లక్ష్మీప్రసన్న చెయ్యెత్తింది. ఆ రోజు తనకు ఇంటర్నల్ మార్కులు వచ్చాయట. అన్నిచోట్లా "తీసెయ్" చాలన్నారు. రద్దు అన్న మాటను మాత్రం ఎవరూ వెనకేసుకురాలేదు. ముద్రణ ఆపాలా అని అడిగితే, కింద "ఆపు" అని ఒకటి, "ఆపొద్దు" అని ఒకటి. అంతే. అమరికలూ సెట్టింగులూ కలిపేసి "ఏర్పాట్లు" చేశారు.

కిటికీ మూసే గుర్తు చివరికి మిగిలింది. చేతులెత్తితే ఆరు కుడికి, ఆరు ఎడమకి. అందరూ ఆ ఇద్దరి వైపు చూశారు.

"కుడికే పెట్టండి," అంది లక్ష్మీప్రసన్న.

"ఎడమకే పెట్టండి," అన్నాడు కిరణ్ కుమార్ అదే క్షణంలో.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత వాళ్ళిద్దరూ ఎదుటివాళ్ళదే సరైనదని పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆమె కుడి గొప్పతనం వివరిస్తే, అతను ఎడమ గొప్పతనం ఉదాహరణలతో చెప్పాడు. ఇరవై నిమిషాలు గడిచినా తేలలేదు. పునుగులు అయిపోయాయి. రాఘవయ్యగారికి నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"కుడికి," అన్నారు దానమ్మగారు లేచి నిలబడి. "ఎందుకని అడక్కండి. ఎటైనా పర్లేదు, అన్నిచోట్లా అటే ఉండాలి."

నెలరోజులూ ఆ పిల్లలు పక్కపక్క కుర్చీల్లో పనిచేశారు. పరీక్షకు మనిషిని దానమ్మగారే వెతికారు. కొల్లేటి లంకలో ఉండే ఆవిడ పెద్దమ్మ కూతురు రూతమ్మ. వయసు డెబ్భై ఒకటి. బైబిలు గడగడా చదువుతుంది, చేపల వల అల్లుతుంది, కంప్యూటరును మాత్రం బ్యాంకులో అద్దం అవతల తప్ప చూసి ఎరగదు.

వానలకు లంక దారి మీదికి నీళ్ళొచ్చాయి. పిల్లలిద్దరితో సహా అందరూ ఏలూరు దాకా కారులో వెళ్ళి, ఉమాకుమారిగారిని కలుపుకుని, అక్కడి నుంచి చెరువుగట్ల వెంట ఆటోలో వెళ్ళి, చివరికి పడవెక్కారు. లాప్‌టాప్‌ను దుప్పట్లో చుట్టి అభిరామ్ పట్టుకున్నాడు. ప్రింటరు రాఘవయ్యగారి ఒళ్ళో పెట్టారు. పడవ ఊగినప్పుడల్లా ఆయన దాన్ని పసిపిల్లలా గుండెకు అదుముకునేవారు. దూరంగా నీళ్ళ మీద నుంచి గూడబాతులు బరువుగా లేచాయి. ఉమాకుమారిగారు చేతులు నీళ్ళలో ముంచి చిన్నపిల్లలా చిమ్ముతున్నారు.

"ఇదేంటి దానం, టీవీయా?" అంది రూతమ్మ, తన ఇంటి అరుగు మీద బల్ల వేసి లాప్‌టాప్ పెట్టగానే.

"కాదక్కా. నువ్వే ఆడించాలి. నన్నేం అడక్కూడదంట."

"అడిగితే మాత్రం నీకేం తెల్సు," అని రూతమ్మ బల్ల ముందు కూర్చుంది. వీధరుగు నిండా ఆడవాళ్ళు చేరారు. ఏం చెయ్యాలో ఉమాకుమారిగారు ఒక్కసారి చెప్పారు: ఉత్తరం రాసి, దాచుకుని, అచ్చువేసి, మూసెయ్యాలి, బాగా జరిగితే పది లైబ్రరీలకు ఇది వస్తుంది. అంతే.

రూతమ్మ ఒక్క వేలితో మొదలుపెట్టింది. అక్షరం కనిపించినప్పుడల్లా "ఇదిగో ఇక్కడున్నావా" అని దాన్ని పలకరించి నొక్కింది. ఇరవై నిమిషాలు, అరగంట. మధ్యలో ఒకసారి బాణం గుర్తు తప్పిపోతే చెల్లెలి వైపు చూసింది. దానమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి తిరిగారు. రూతమ్మ బాణాన్ని తనే వెతుక్కుంది. పైన ఉన్న మాటలన్నీ ఒకటొకటిగా పైకి చదివింది. "భద్రం. బానే ఉంది." నొక్కింది. "ముద్రించు." నొక్కింది. ముద్రించాలా అని అడిగితే, "అదేగా చెప్పేను" అని మళ్ళీ నొక్కింది. లక్ష్మీప్రసన్న పక్కవాడి మణికట్టు పట్టుకుని నొక్కేస్తోంది. ఆమెకు ఆ సంగతి తెలియదు. కిరణ్ కుమార్‌కి తెలుసుగాని కదలలేదు. ప్రింటరు ఒకే ఒక్క కాగితం తీసి ఆగింది. రూతమ్మ కుడి మూలకు వెళ్ళి కిటికీ మూసేసింది.

రూతమ్మ కాగితం తీసి, సిరా ఆరడానికన్నట్టు ఊది, ఉమాకుమారిగారికి ఇచ్చింది. ఆవిడ పైకి చదివారు.

"లైబ్రరీ అమ్మగారికి. పది లైబ్రరీలు అన్నారు. మా లంకలో ఒక్కటీ లేదు. ఆ పదిలో ఒకటి ఇక్కడ పెట్టాలి. పుస్తకాలు పెద్ద అక్షరాలవి పంపాలి. ఇట్లు రూతమ్మ."

ఉమాకుమారిగారు కాగితం మడిచి, మళ్ళీ విప్పి ఇంకోసారి చూసుకున్నారు. "ఒక్క తప్పు కూడా లేదండీ," అన్నారు. "పంచాయతీ వాళ్ళని ఒక గది అడగండి. మిగతాది నేను చూస్తాను."

అరుగు మీద ఆడవాళ్ళందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. అభిరామ్ ఒక స్తంభం చాటుకి వెళ్ళి, చెరువులో చేప ఎగిరినట్టు ఎగిరి, ఎవరైనా చూశారేమోనని సర్దుకున్నాడు. రాఘవయ్యగారు రూతమ్మకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు.

"అమ్మా, ఇక లేవండి. సామాను సర్దాలి, పడవ వెళ్ళిపోతుంది," అన్నాడు అభిరామ్ టైము చూసుకుంటూ.

"నేను లేస్తాను గాని," అంది రూతమ్మ, "అదిగో వాళ్ళని చూడండి."

గుమ్మం ముందు తొమ్మిదిమంది వరసలో నిలబడి ఉన్నారు. ముందున్నావిడ అప్పుడే చేపల తడి పోయేలా చేతులు కొంగుకు తుడుచుకుని, కుర్చీ కోసం చూస్తోంది. లక్ష్మీప్రసన్న, కిరణ్ కుమార్ ఇంకో బల్ల వెతకడానికి పక్కింటికి పరిగెత్తారు. పడవవాడు ఒడ్డు నుంచి రెండుసార్లు కేకేసి, మూడోసారి తనే పైకి వచ్చి వరస చివర నిలబడ్డాడు.